అది ఆనెకాయ కాదు, ఇక బ్లేడు ముట్టనివ్వకండి

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. రెసిడెన్షియల్ స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు, వాలీబాల్ ఆడతాడు. దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు కుంటుతున్నాడు. చూస్తే కుడి అరికాల్లో, మడమ ముందు, శనగగింజంత గట్టిగా ఉంది. మా ఊరి ఆర్‌ఎంపీ గారు ఆనెకాయ అని చెప్పి బ్లేడుతో చెక్కి, కార్న్ క్యాప్ అంటించమన్నారు. కొన్నాళ్లకే మళ్లీ లేచింది. రెండోసారి ‘వేరుతో సహా తీసేస్తాను’ అని లోతుగా కోశారు, చాలా రక్తం పోయింది. సంక్రాంతికి వచ్చేసరికి పాతదాని చుట్టూ ఐదారు చిన్నవి వచ్చాయి. హాస్టల్లో వాడి స్నేహితుడికీ ఉన్నాయట. ఫోన్లో చూస్తే ఇది హెచ్‌పీవీ వైరస్ అనీ, దానివల్ల క్యాన్సర్ వస్తుందనీ ఉంది. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఇంకో విషయం. మా అత్తగారికి 66 ఏళ్లు, చాలాకాలంగా షుగరుంది. ఆవిడ కాలి బొటనవేలి మొదట్లో, అడుగున, ఇలాంటి గట్టిదే ఉంటే మనవడి కార్న్ క్యాప్‌లే తనూ అంటించుకున్నారు. ఇప్పుడక్కడ చర్మం తెల్లగా నానినట్టుంది. నొప్పేమీ లేదంటున్నారు. వాడికి ఆపరేషన్ చేయించాలా?
– ఒక తల్లి, తెనాలి దగ్గర పల్లె నుంచి

సమాధానం: అమ్మా, మీరు అబ్బాయి గురించి అడిగారు కానీ నేను మీ అత్తగారి పాదంతో మొదలుపెడతాను. ఎందుకంటే తొందర అక్కడుంది.

షుగరున్న మనిషి కాల్లో చర్మం తెల్లగా నాని, పైగా ‘నొప్పి లేదు’ అంటున్నారంటే నాకు భయంగా ఉంటుంది. కార్న్ క్యాప్ మధ్యలో ఉండే చిన్న బిళ్లలో సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది, సాధారణంగా 40 శాతం దాకా. అది గట్టిపడిన చర్మాన్ని మెత్తబరిచి ఊడేలా చేస్తుంది. మంచి చర్మమేదో, చెడ్డదేదో దానికి తెలియదు. మామూలు మనిషికైతే మంట పుడుతుంది, పీకి పారేస్తాడు. ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లకు పాదాల నరాలు మొద్దుబారి ఆ మంట తెలియదు. రక్తప్రసరణ తగ్గి ఉంటే పుండు పడ్డాక మానదు కూడా. చిన్న కార్న్ క్యాప్‌తో మొదలై వేలు తీసేయాల్సి వచ్చిన సంగతి మా వృత్తిలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. ఆ డబ్బా మీద కూడా షుగరున్నవాళ్లు వాడకూడదని రాసి ఉంటుంది, చాలా సన్నటి అక్షరాల్లో.

కాబట్టి ఉత్తరం చదివిన వెంటనే ఆ క్యాప్ తీసేయండి. మామూలు నీళ్లతో కడిగి, వేళ్ల సందులతో సహా మెత్తటి గుడ్డతో అద్ది, శుభ్రమైన పొడి గాజుగుడ్డ వేయండి. వేడినీళ్లలో కాలు నానబెట్టొద్దు, ఆ వేడి కూడా ఆవిడకు తెలియకపోవచ్చు. ఊడుతున్న చర్మాన్ని ఇంట్లో కత్తిరించొద్దు. ఒకటి రెండు రోజుల్లోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చుట్టూ ఎర్రబడినా, వాచినా, చీము గానీ వాసన గానీ వచ్చినా, చర్మం నల్లబడినా, జ్వరం తగిలినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ పూటే వెళ్లండి. అక్కడ సన్నటి నైలాన్ పోగును పాదానికి తాకించి స్పర్శ చూస్తారు, పాదం మీద నాడి పట్టి చూస్తారు. బొటనవేలి మొదలు నడకలో బరువంతా పడే చోటు. అక్కడ ఏర్పడేది చాలాసార్లు పులిపిరి కాదు, ఒత్తిడికి గట్టిపడిన తోలు. దాని అడుగున పుండు దాక్కుని ఉండొచ్చు. పైతోలు జాగ్రత్తగా తీస్తేనే అది బయటపడుతుంది, అది డాక్టరు చేయాల్సిన పని. ఆ తర్వాత ఎంసీఆర్ చెప్పులు రాసిస్తారు. మెత్తటి రబ్బరు అడుగు, వెనక పట్టీ ఉంటాయి. వాటిని ఇంట్లో కూడా వేసుకుని తిరగమనండి.

ఇక అబ్బాయి సంగతి. కాలు చూడకుండా తేల్చి చెప్పకూడదు కానీ, మీరు రాసినదంతా పులిపిర్లనే చూపిస్తోంది. ఆనెకాయ ఒకరి నుంచి ఒకరికి రాదు, చుట్టూ పిల్లలు పెట్టదు. ఇంట్లోనే కొంతవరకు పోల్చుకోవచ్చు. పగటి వెలుతురులో, కాలు కడిగాక, దగ్గరగా చూడండి. అరికాలి చర్మం మీద వేలిముద్రల్లాంటి సన్నటి గీతలుంటాయి. ఆనెకాయ మీదుగా ఆ గీతలు సాగిపోతాయి. పులిపిరి దగ్గరకొచ్చేసరికి ఆగి, దాన్ని చుట్టి పక్కనుంచి పోతాయి. పైపొర కాస్త అరగదీస్తే లోపల ఆవగింజకన్నా చిన్న నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి రక్తం గడ్డకట్టిన సన్నటి రక్తనాళాల కొసలు. ఆనెకాయలో అవి ఉండవు, మధ్యలో గాజులా మెరిసే గట్టి ములుకు ఉంటుంది. నొప్పిలోనూ తేడా ఉంది. ఆనెకాయను పైనుంచి నొక్కితే ప్రాణం పోతుంది. పులిపిరిని రెండు వేళ్లతో పక్కలనుంచి పిండితే ఎక్కువ నొప్పి పెడుతుంది. ఒక్క గుర్తునే పట్టుకుని నిర్ణయానికి రావద్దు, అన్నీ కలిపి చూడండి.

చేతిమీద పులిపిరైతే పైకి లేస్తుంది. అరికాల్లోది మన బరువుకు లోపలికి అణిగి, పైన తోలు కప్పేసి, ఆనెకాయలా కనబడుతుంది. అందుకే చాలామంది పొరబడతారు, మీ ఆర్‌ఎంపీ గారొక్కరే కాదు. కానీ ‘వేరుతో సహా’ అన్న మాట దగ్గరే అసలు చిక్కంతా వచ్చిపడింది. పులిపిరికి వేరుండదు. వైరస్ చర్మపు పైపొరలోనే ఉంటుంది, కింది పొరల్లోకి దిగదు. పులిపిరిని తీసి చూస్తే అడుగుభాగం నున్నగా ఉంటుంది. లేని వేరు కోసం లోతుగా కోసేకొద్దీ బాగున్న చర్మం తెగి, వైరస్ ఉన్న కణాలు బ్లేడుతో, రక్తంతో చుట్టుపక్కలకు పాకుతాయి. కొత్తవి అలాగే వచ్చి ఉంటాయి. పైగా అరికాల్లో మచ్చ కడితే అడుగేసినప్పుడల్లా నొప్పి, అది ఏళ్లపాటు ఉండొచ్చు. పులిపిరి ఎన్నటికైనా పోతుంది, మచ్చ పోదు. మీరడిగిన ఆపరేషన్‌కు నా జవాబు అదే: కోయించొద్దు. కరెంటుతో కాల్పించడం కూడా అరికాల్లో నేను వీలైనంతవరకు వద్దంటాను.

ఆ బ్లేడు గురించి ఒక మాట. మీ అబ్బాయికి వాడింది కొత్తదో కాదో తెలియకపోతే, రక్తం బాగా వచ్చిందంటున్నారు కాబట్టి, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ సంగతి చెప్పండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో, పచ్చకామెర్ల పరీక్షలాంటివేమైనా అవసరమో ఆయన చూస్తారు.

మీ నిద్ర పోగొట్టిన విషయానికొద్దాం. హెచ్‌పీవీ అంటే ఒక్క వైరస్ కాదు, 200కు పైగా రకాలున్న పెద్ద కుటుంబం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ముఖ్యంగా కారణమయ్యేవి 16, 18 రకాలు. అరికాలి పులిపిర్లు తెచ్చేవి 1, 2, 4, 27, 57 వంటివి. ఇవి వేరు, అవి వేరు. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి అరికాలి పులిపిర్లు క్యాన్సర్‌గా మారతాయని మీరు భయపడాల్సిన పనిలేదు. ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా కూడా ఈ రకాల కోసం తయారైంది కాదు, అది వేయిస్తే కాలివి పోతాయని ఎవరైనా అంటే నమ్మకండి. అయితే పెద్దవయసువాళ్లకు అరికాల్లో కొత్తగా ఏదైనా పెరిగి, నెలలు గడిచినా తగ్గకుండా రక్తం కారుతున్నా, నల్లటి మచ్చ వ్యాపిస్తున్నా అది వేరే కథ. దాన్ని పులిపిరని మందులు రాస్తూ కూర్చోకూడదు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి.

వైద్యం మొదలుపెట్టేముందు ఒక్కటి మనసులో పెట్టుకోండి. పులిపిరిలోని వైరస్‌ను నేరుగా చంపే మందేదీ ఇప్పటిదాకా మన చేతుల్లో లేదు. అది పైపొరలో నక్కి ఉండి, చుట్టూ పెద్దగా వాపు కూడా పుట్టించదు కాబట్టి ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని చాలాకాలం గుర్తించదు. మనం చేసే ప్రతి వైద్యమూ, యాసిడ్ పూసినా, గడ్డకట్టించినా, సూది వేసినా, వైరస్ ఉన్న చర్మాన్ని తగ్గిస్తూ ఆ రక్షణ వ్యవస్థను అటు తిప్పడానికే. అది మేల్కొన్న రోజున పులిపిర్లు మచ్చయినా లేకుండా పోతాయి, కొన్నిసార్లు అన్నీ ఒకేసారి. పిల్లల్లో ఇది త్వరగా జరుగుతుంది. నెదర్లాండ్స్‌లో బడిపిల్లల్ని గమనిస్తే ఏడాదిలో దాదాపు సగం మందికి పులిపిర్లు వాటంతటవే పోయాయి. మంత్రం వేయించుకుంటే పోయాయి, దారం కడితే పోయాయి అని మనవాళ్లు చెప్పేవాటిలో అబద్ధమేమీ లేదు, నిజంగానే పోయుంటాయి. పోయే సమయానికి మంత్రం వేశారు, అంతే.

నొప్పి లేకపోతే ఏమీ చేయకుండా చూస్తూ ఊరుకోమని చెప్పేవాణ్ణి. మీవాడు కుంటుతున్నాడు, ఆడాలి, పెరుగుతున్నాయి కూడా. కాబట్టి వైద్యం చేద్దాం. ముందు కోసిన గాయం పూర్తిగా మానాలి, పచ్చిగా ఉన్నచోట యాసిడ్ పడకూడదు. మానాక, డాక్టరు చూసి పులిపిర్లేనని ఖాయం చేశాక, సాలిసిలిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్ కలిసిన ద్రవం రాయించుకోండి. మన మందుల షాపుల్లో దొరికే సీసాల్లో రెండూ దాదాపు 17 శాతం చొప్పున ఉంటాయి. జిగటగా, ఘాటైన వాసనతో ఉంటుంది. త్వరగా నిప్పంటుకుంటుంది, గ్యాస్ పొయ్యి దగ్గరా, దీపం దగ్గరా మూత తీయకండి. మూత సరిగ్గా బిగించకపోతే గట్టిపడి పనికిరాకుండా పోతుంది.

పూసే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. రోజూ రాత్రి పడుకునేముందు కాలు గోరువెచ్చని నీళ్లలో ఐదు పది నిమిషాలు నానబెట్టాలి. తెల్లగా మెత్తబడిన పైతోలును గరుకు రాయితో గానీ గోళ్లు అరగదీసే అట్టతో గానీ నెమ్మదిగా రుద్దాలి. నొప్పి మొదలైతే, ఎర్రటి చుక్క కనబడితే ఆపేయాలి. చాలామంది ఈ రుద్దడం మానేసి రోజూ మందు మీద మందు పూస్తారు. చచ్చిన తోలు మీద మందు పూస్తే అది లోపలికి ఎలా దిగుతుంది? తుడిచి పూర్తిగా ఆరాక, పులిపిరి చుట్టూ ఉన్న మంచి చర్మానికి వ్యాజలీన్ రాయాలి, పులిపిరి మీదకు రాకుండా. సీసా మూతకున్న పుల్లతో ఒక చుక్క పులిపిరి మీదే పెట్టి, ఆరి తెల్లటి పొర కట్టాక ఇంకో చుక్క పెట్టాలి. పైన మెడికల్ టేపు వేసి పడుకోవాలి. మర్నాడు ఆ పొర ఒలిచి, మళ్లీ రాత్రికి అదే పని. మరీ మంటగా, పచ్చిగా అయితే రెండు మూడు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. రుద్దే రాయి వాడిది వాడికే, దాన్ని గోళ్లకూ బాగున్న మడమకూ వాడకూడదు. అట్టలైతే వాడి పారేయడం మేలు.

ఇలా 12 వారాలు. మధ్యలో కనబడటం లేదని ఆపొద్దు. చర్మపు గీతలు దాని మీదుగా మళ్లీ యథాప్రకారం సాగితేనే పోయినట్టు లెక్క. నల్లచుక్క ఒక్కటి మిగిలినా వైరస్ ఉన్నట్టే. హాస్టల్లో పద్నాలుగేళ్ల పిల్లవాడు రోజూ ఇదంతా చేస్తాడా అన్నది మీ సందేహం కావచ్చు, నాదీ అదే. వార్డెన్‌తో మాట్లాడి, రాత్రి స్టడీ అవర్ అయ్యాక పది నిమిషాలు ఇప్పించండి. వీలుకాకపోతే వేసవి సెలవుల్లో మొదలుపెట్టండి. సగంలో వదిలేసే వైద్యంకన్నా కొంచెం ఆలస్యంగా మొదలై పూర్తయ్యేది నయం.

అంత ఓపిక లేదు, లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించేస్తే ఒక్కసారిలో పోతుందట కదా అని చాలామంది అడుగుతారు. మైనస్ 196 డిగ్రీల చల్లటి ద్రవాన్ని పులిపిరి మీద చల్లుతారు, రెండు మూడు వారాలకోసారి, చాలాసార్లు. నొప్పి ఉంటుంది, బొబ్బ లేస్తుంది. బ్రిటన్, ఐర్లండ్‌లలో 240 మంది అరికాలి పులిపిర్ల రోగుల మీద చేసిన పరిశోధన 2011లో వెలువడింది. సగంమందికి వైద్య సిబ్బంది గడ్డకట్టించారు, సగంమంది ఇంట్లోనే 50 శాతం సాలిసిలిక్ యాసిడ్ పూసుకున్నారు. 12 వారాలకు పూర్తిగా పోయింది రెండువైపులా 14 శాతం మందికే. ఆరు నెలలకు అడిగితే అటూ ఇటూ సుమారు మూడోవంతు మంది పోయాయన్నారు. నిరాశ కలిగించే అంకెలే, కానీ మీకు తెలియాలి. నెల రోజుల్లో గ్యారంటీ అని బోర్డు పెట్టేవాళ్ల మాట నమ్మి మీరు డబ్బు పోగొట్టుకోకూడదు. గడ్డకట్టించడం చెడ్డ వైద్యమేమీ కాదు. కానీ అరికాలి పులిపిర్ల విషయంలో యాసిడ్‌కన్నా గొప్పదని రుజువు కాలేదు, నొప్పీ ఖర్చూ మాత్రం ఎక్కువ.

మూడు నెలలు నిజాయితీగా పూసినా కదలకపోతే, మన దేశంలో చర్మవైద్యులు ఎక్కువగా చేసేవి ఇంకొన్ని ఉన్నాయి. ఉన్నవాటిలో పెద్ద పులిపిరిలోకి ఎంఎంఆర్ (పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) టీకా మందునో, విటమిన్ డి3నో సూదితో కొద్దిగా ఎక్కిస్తారు, రెండు మూడు వారాలకోసారి. ఆ ఒక్కదాన్నే గుచ్చినా, ఒంట్లో కదలిక వచ్చిందంటే దూరంగా ఉన్నవి కూడా రాలిపోతాయి. ఎక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు నాకు ఈ పద్ధతి మీద మంచి నమ్మకం ఉంది. మత్తిచ్చి ఒక పులిపిరిని సూదితో పలుమార్లు గుచ్చే పద్ధతి కూడా ఇదే ఉద్దేశంతో చేస్తారు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, మీకు దగ్గరే. ఒకే ప్రయాణంలో మీ అత్తగారి కాలు కూడా చూపించొచ్చు, అబ్బాయికి సెలవు దొరకలేదని ఆవిణ్ణి మాత్రం ఆపొద్దు.

ఈలోగా ఇరుగుపొరుగు చాలా చెబుతారు. సున్నం, బట్టల సోడా కలిపి పెట్టమంటారు. అది యాసిడ్‌కన్నా ఘోరంగా లోపలిదాకా కాలుస్తుంది. జీడిగింజ రసం రాస్తే ఒళ్లంతా బొబ్బలెక్కి ఆసుపత్రికి వచ్చేవాళ్లున్నారు. జిల్లేడు పాలు రాసిన చేత్తో కన్ను నులుముకుంటే చూపు మసకబారుతుంది, పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. అంటించే గట్టి టేపు ఒక్కటే చాలన్న మాట 2002లో వచ్చిన ఒక చిన్న పరిశోధనతో బాగా ప్రచారమైంది. తర్వాత జరిగినవాటిలో అది నిలబడలేదు. హాని లేదు, దాన్నే నమ్ముకుని కూర్చోకండి, అంతే. వెల్లుల్లి కట్టినా చర్మం కాలుతుంది.

హాస్టల్ గురించి. ఈ వైరస్ తడి నేల మీద చాలాకాలం ఉండగలదు. నానిన చర్మం మీద కంటికి కనబడని గీరుడుంటే చాలు, లోపలికి పోతుంది. పోయిన తర్వాత కనబడటానికి నెలలు పడుతుంది, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తేల్చడం కుదరని పని. స్నేహితుణ్ణి తిట్టొద్దు, వాడి అమ్మానాన్నలకు కూడా చూపించమని చెప్పండి. బాత్రూమ్‌కు, స్నానానికి రబ్బరు చెప్పులు వేసుకునే వెళ్లాలి. టవలు, సాక్సులు, బూట్లు ఎవరివి వాళ్లకే. కాళ్లకు చెమట ఎక్కువైతే మధ్యాహ్నం సాక్సులు మార్చుకోవాలి. గోటితో గిల్లే అలవాటుంటే మాన్పించండి, లేకపోతే అవి వేళ్లమీదకు వస్తాయి. ఆట మానిపించనక్కర్లేదు. టేపు వేసుకుని, నొప్పి ఉంటే మధ్యలో రంధ్రమున్న మెత్తటి ప్యాడ్ పెట్టుకుని ఆడుకోవచ్చు. బడి మానిపించాల్సిన అవసరం అంతకన్నా లేదు. ఎవరైనా ఉపాధ్యాయులు వాణ్ణి దూరంగా కూర్చోబెడితే మీరు వెళ్లి మాట్లాడండి. చెప్పులేసుకుని, టేపు అంటించుకున్న పిల్లవాడి పక్కన కూర్చుంటే ఎవరికీ రావు.

ఇంట్లో మీ సొంత అరికాళ్లు కూడా ఒకసారి వెలుతురులో చూసుకోండి. మిగిలిన కార్న్ క్యాప్‌ల డబ్బా అత్తగారికి అందకుండా తీసేయండి.